ఇటుక

కోఠి బ్యాంక్ స్ట్రీట్ల రెండో అంతస్తు,
మెట్ల మలుపు కాడ పాన్ మరకలు,
ఆ పైన ఖుద్దూస్ భాయ్ దుకాణం.
చిట్టి ఎత్తిన పైసలు నడుముల దోపుకొని పోయిన.
"అన్నిటికన్న పెద్ద లెన్సు చూపియ్" అన్న.
చూపియ్యలే.
బల్ల కింది నుంచి ఒక ఇటుక తీసిండు,
ఉర్దూ పేపర్ల చుట్టిన ఇటుక.
"కంటికి ఆనించి పట్టుకో బేటీ,
పిట్ట వచ్చేదాంక."
ఏ పిట్ట అన్న.
"ఏదైతేంది, అది నీ టైముకు రాదు గదా."

రెండో నిమిషానికి మోచెయ్యి వణికింది,
మూడోదానికి మెడ.
నాలుగు కాకముందే దించేసిన.
గోడ గడియారం చూసిండు గని నవ్వలే,
అది నాకు నచ్చింది.
"ఎంత దూరం కనబడ్తది అని అడుగుతరు అందరు,
ఎంతసేపు మోస్తనో అని ఎవ్వరడగరు"
అనుకుంట బీరువల నుంచి
ఎవరో వాడి అమ్ముకున్న చిన్న లెన్సు తీసిండు.
రబ్బరు జరంత అరిగింది, అద్దం సాఫ్.
టార్చి ఏసి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు,
ముత్యాలాయన ముత్యం తిప్పినట్టు తిప్పి చూపిచ్చిండు.
మిగిలిన పైసలు నా చేతుల్నే పెట్టిండు:
"పెట్రోలుకు ఉంచుకో. చెరువు నీ ఇంటికి రాదు."

నేను జీడిమెట్లల గోలీలు డబ్బాలకెత్తే కాడ పనిచేస్త.
సొట్టపోయిన డబ్బాలు పారేసే రోజు
లోపలి చిన్న పొట్లాలు ఏరుకుంట.
సూపర్‌వైజర్ వసుంధర మేడమ్
చూసీ చూడనట్టు పోతది.
మూసాపేటల మా గది గోడకు
వానలు మొదలైతె దసరా దాంక చెమటే.
అందుకని రబ్బరు మూత బియ్యం డబ్బా ఖాళీ చేసిన.
లెన్సు అండ్ల, పొట్లాలు దాని చుట్టు,
బియ్యం సంచిల.
గింజలు నీలంగ ఉంటె మంచిది,
గులాబీ అయితె కడుపునిండ తాగినయన్నట్టు.
పాత పెనం మీద వేంచి మల్ల నీలం చేస్త.
మా అత్తమ్మ ఒకనాడు సగ్గుబియ్యం అనుకొని
పాయసానికి పాలు కాగబెట్టింది.
ఆ పెనానికి ఇప్పుడు మేకు వేరే, జాగ వేరే.

ఇంత చేసినా పోయినేడు బూజు పట్టింది.
ఓవర్‌టైములు, అత్తమ్మ కంటి ఆపరేషను,
మూడు నెలలు మూత తియ్యలే.
నీలం ఎప్పుడు గులాబీ అయిందో నాకెరుక లేదు.
అద్దం లోపల సన్నటి పోగులు,
మెహందీ కొత్తగ నేర్చుకునే పిల్ల గీసినట్టు.
ఖుద్దూస్ భాయ్ కండ్లద్దాలు నొసటికి జరిపి
"కింద పడి సచ్చినయి తక్కువ బేటీ,
దాచిపెడితె సచ్చినయే నా దగ్గరికొస్తయి" అన్నడు.
కడిగినందుకు ఎనిమిది వందలు తీసుకున్నడు.
ఒక్క రూపాయి తగ్గియ్యలే.

ఇప్పుడు ఆదివారం ఆదివారం అమీన్‌పూర్ చెరువు.
బ్యాగు మా చిన్నోని బడి బ్యాగు,
మీద రంగు పోయిన ఏనుగు బొమ్మ,
దొంగోని కన్ను దాని మీద ఆగదు.
లోపల పాత స్వెట్టరు,
పక్క జేబుల స్నానానికి తలకేసుకునే ప్లాస్టిక్ టోపీ.
మొన్న వాన దబ్బున దిగింది.
టోపీ లెన్సుకు, చున్నీ కెమెరాకు,
నేను పూర్తిగ వానకు.
సరిగ్గ అప్పుడే
నలుపు తెలుపు లకుముకి పిట్ట
నీళ్ల మీద గాలిల ఒక్క జాగల ఆగి
రెక్కలు కొట్టుకుంట, కిందికి చూసుకుంట,
ఇటుకైనా సరిపోయేంత దగ్గర.
టోపీ తియ్యాల్నా వద్దా అనుకునేలోపు
మునిగింది, లేచింది,
ముక్కుల చాప.
ఒకసారి ఒళ్లు దులుపుకున్నది, పోయింది.
దానికి డబ్బా లేదు, పొట్లం లేదు.

ఈ సంగతి చెప్దామని మల్ల కోఠి పోయిన.
బల్ల ముందట ఎవలో కాలేజీ పిలగాడు
ఇటుక కంటికి పెట్టుకొని నిలబడ్డడు.
ఖుద్దూస్ భాయ్ పెదవుల మీద వేలు పెట్టిండు.
నేను పై మెట్టు మీద కూసొని గడియారం చూసిన.
వాని మోచెయ్యి వణికింది. దించలే.
ఐదో నిమిషం.
ఏం పిట్ట కనబడ్తున్నదో వానికి.